సిలువ దగ్గర ఎవరున్నారు?

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం, లెంట్ రోజులు మొదలయ్యాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. మామూలుగా షుగరు గురించో, అత్తాకోడళ్ల గొడవల గురించో రాసేవాళ్లు కూడా యేసు గురించి అడుగుతారు. తిరుపతి నుంచి, పుత్తూరు నుంచి, కాళహస్తి నుంచి, మా చిత్తూరు వీధుల నుంచి. అడిగేవాళ్లంతా చర్చికి వెళ్లేవాళ్లేం కాదు. నేను పాస్టర్‌ను కాను, చరిత్ర లెక్చరర్‌ను కాను. ఉద్యోగమంతా చిత్తూరులో వార్డు నర్సుగా చేశాను. ఆదివారాలు సండే స్కూల్లో పిల్లలకు సువార్తలు, అంటే బైబిల్లో యేసు జీవితం చెప్పే మత్తయి, మార్కు, లూకా, యోహాను అనే నాలుగు పుస్తకాలు, చదివి చెబుతాను. నేను విశ్వాసిని, ఆ విశ్వాసంతోనే రాస్తాను. అయితే చరిత్ర ఎక్కడిదాకా చెబుతుంది, నమ్మకం ఎక్కడ మొదలవుతుంది అన్నది మాత్రం కలగాపులగం చేయను.

ప్రశ్న: నేను బీఏ చరిత్ర చదువుతున్నాను. యేసు నిజంగా ఉన్నాడా, లేక కల్పిత కథా అని మా హాస్టల్లో పెద్ద వాదన జరిగింది. బైబిల్ కాకుండా వేరే ఆధారం ఏమైనా ఉందా మేడమ్?
— ఒక విద్యార్థి, తిరుపతి

ఉంది బాబూ. ఎక్కువ లేదు, ఉన్నది మాత్రం గట్టిది.

క్రీ.శ. 64లో రోము నగరం తగలబడింది. నీరో చక్రవర్తి ఆ నేరాన్ని క్రైస్తవుల మీదికి నెట్టాడు. ఆ సంగతి 116 ప్రాంతంలో రాస్తూ టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు ఈ క్రైస్తవులు ఎవరో చెబుతాడు. తిబెరి చక్రవర్తి కాలంలో పొంతి పిలాతు అనే అధికారి మరణశిక్ష వేసిన క్రీస్తు పేరు మీద వీళ్లు వచ్చారంటాడు. టాసిటస్‌కు క్రైస్తవులంటే అస్సలు గిట్టదు, వాళ్లది మూఢనమ్మకమని తిడతాడు. గిట్టనివాడు రాశాడు కాబట్టే ఆ వాక్యానికి విలువ. అంతకు ముందే, 93-94లో, జోసీఫస్ అనే యూదు చరిత్రకారుడు యేసును రెండుచోట్ల ప్రస్తావించాడు. అందులో పెద్ద పేరాలో తర్వాతి కాలపు క్రైస్తవ లేఖకులు కొన్ని మాటలు చేర్చారని పండితులు ఎక్కువమంది ఒప్పుకుంటారు, మీ స్నేహితులకు అది కూడా చెప్పండి. రెండోచోట "క్రీస్తు అనబడిన యేసు సోదరుడు యాకోబు" అని ఒక మనిషిని గుర్తుపట్టడానికి చెప్పినట్టు చెప్పి వెళ్లిపోతాడు. దాని మీద పెద్దగా తగాదా లేదు.

పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో సముద్రం ఒడ్డున కైసరయలో తవ్వకాల్లో బయటపడింది. యేసును విచారించిన యూదుల ప్రధాన యాజకుడు కయప పేరున్న ఎముకల పెట్టె 1990లో యెరూషలేములో దొరికింది. ఇక తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం 50ల మధ్యలోది. అంటే సంఘటన జరిగి పాతికేళ్లు దాటలేదు. పౌలు యేసు ముఖ్య శిష్యుడు పేతురును, యేసు సోదరుడు యాకోబును ముఖాముఖి కలిసినవాడు.

ఒక పల్లెటూరి వడ్రంగి గురించి, రాజ్యం, సైన్యం లేకుండా, స్వయంగా ఒక్క పుస్తకమైనా రాయకుండా పోయిన మనిషి గురించి రోము రికార్డుల్లో పేజీలకొద్దీ ఉండాలనడం న్యాయం కాదు. చరిత్రకారుల్లో, క్రైస్తవులు కానివాళ్లతో సహా, దాదాపు అందరూ ఒప్పుకునే సంగతులు రెండున్నాయి. యొర్దాను నదిలో బాప్తిస్మమిచ్చే యోహాను అనే ప్రవక్త చేతి మీదుగా ఆయన బాప్తిస్మం పొందాడు. పిలాతు తీర్పుతో సిలువ మీద చనిపోయాడు. మీ వాదన ఇక్కడి నుంచి మొదలుపెడితే బాగుంటుంది.

ప్రశ్న: క్రీస్తు క్రీ.పూ. 4లో పుట్టాడని మా కోచింగ్ మెటీరియల్లో ఉంది. క్రీస్తుకు పూర్వం క్రీస్తు ఎలా పుడతాడు? ప్రింటింగ్ తప్పా?
— గ్రూప్స్ అభ్యర్థి, తిరుపతి

ప్రింటింగ్ తప్పు కాదు. 525లో డయోనీసియస్ అనే సన్యాసి క్రీస్తు పుట్టిన ఏడు లెక్కగట్టి దాని నుంచి సంవత్సరాలు మొదలుపెట్టాడు. ఆ లెక్క కొన్నేళ్లు తప్పింది. హేరోదు రాజు బతికుండగానే యేసు పుట్టాడని మత్తయి సువార్త చెబుతోంది. ఆ హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడు. కాబట్టి క్రీ.పూ. 6 నుంచి 4 మధ్య అని రాస్తారు. డిసెంబరు 25 అన్న తేదీ సువార్తల్లో లేదు, అది నాలుగో శతాబ్దం రోములో కనిపిస్తుంది.

మరణం సంగతీ అడిగే అవకాశం ఉంది కాబట్టి రాస్తున్నాను. పిలాతు అధికారంలో ఉన్నది 26 నుంచి 36 దాకా. యూదుల పస్కా పండుగ, శుక్రవారం, ఈ రెండూ కలిసే తేదీల్లో పండితులు ఎక్కువగా చెప్పేవి 30 ఏప్రిల్ 7, 33 ఏప్రిల్ 3.

ప్రశ్న: మా పక్కింటివాళ్లు క్రైస్తవులు. యేసు రోగుల్ని బాగుచేశాడని, ఆకలిగా ఉన్నవాళ్లకు అన్నం పెట్టాడని చెబుతుంటారు. అంత మంచి మనిషిని ఎందుకు చంపారు? అసలు చంపింది ఎవరు?
— ఒక గృహిణి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

అమ్మా, చాలామంది చర్చివాళ్లే ఈ ప్రశ్న అడగకుండా "మన పాపాల కోసం" అని దాటేస్తారు. ఆ మాటను నేనూ నమ్ముతాను. అయినా ఆ వారం ఆ ఊళ్లో ఏం జరిగిందో తెలుసుకోకపోతే ఎలా?

ఆయన పెరిగింది గలిలయలోని నజరేతు అనే చిన్న పల్లెలో. వడ్రంగి పని. ముప్పై ఏళ్ల ప్రాయంలో ఇల్లు వదిలి కపెర్నహూము అనే చేపల రేవుకు వచ్చాడు. పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను అక్కడి జాలర్లు. కుష్ఠురోగిని చేత్తో తాకాడు. పన్ను వసూలు చేసేవాళ్లంటే జనం ఉమ్మేసే రోజుల్లో వాళ్ల ఇళ్లలో కూర్చుని భోంచేశాడు. చెప్పేది మాత్రం విత్తనాల గురించి, తప్పిపోయిన గొర్రె గురించి, దారిలో దెబ్బలు తిని పడివున్న మనిషిని ఎత్తుకెళ్లిన సమరయుడి గురించి, అంటే యూదులకు గిట్టని జాతివాడి గురించి. అందులో మరణశిక్ష పడేంత నేరమేముంది అని మీకు అనిపించవచ్చు. గొడవంతా ఆయన పండుగకు యెరూషలేము వెళ్లడంతో వచ్చింది.

మీరు బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజున కొండ మీద ఉన్నారా ఎప్పుడైనా? మాడ వీధుల్లో లక్షల జనం, ఎటు చూసినా బందోబస్తు, చిన్న పుకారు లేచినా ఏమవుతుందోనని అధికారుల ముఖాల్లో టెన్షన్. పస్కా పండుగకు యెరూషలేము అలాగే ఉండేది. పైగా అది ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైనందుకు చేసుకునే పండుగ, ఆ దేశమేమో రోము చేతి కింద ఉంది. మామూలు రోజుల్లో కైసరయలో ఉండే గవర్నరు పిలాతు పండుగలకు సైనికులను వెంటబెట్టుకుని వచ్చి యెరూషలేములో మకాం వేసేవాడు. దేవాలయం పక్కనే ఉన్న అంతోనియ కోట మీది నుంచి రోమా సైనికులు ఆవరణను చూస్తూ ఉండేవారు.

ఆ జనంలోకి యేసు గాడిద మీద వచ్చాడు. జనం మట్టలు పరిచి, "దావీదు కుమారునికి హోసన్నా" అని కేకలు పెట్టారు. దావీదు అంటే వాళ్ల మహారాజు. రాజు కొడుకు వచ్చాడని అరిస్తే గవర్నరు చెవికి ఎలా వినబడుతుందో ఊహించండి. తర్వాత ఆయన దేవాలయంలో డబ్బు మార్చేవాళ్ల బల్లలు పడదోశాడు. గుడి పన్ను తూరు నాణేల్లోనే కట్టాలి కాబట్టి ఆ బల్లలు లేకుండా గుడి నడవదు. ప్రధాన యాజకుడు కయప 18 నుంచి 36 దాకా ఆ పదవిలో ఉన్నాడు. పదవి ఇచ్చేది రోమా గవర్నరే, తీసేసేదీ గవర్నరే. జనమంతా నాశనమయ్యేకంటే ఒక మనిషి చావడం మేలని కయప అన్నట్టు యోహాను సువార్త రాసింది. నాకు ఆ మాట చదివినప్పుడల్లా ఒళ్లు చల్లబడుతుంది. అందులో పగ లేదు, పరిపాలన ఉంది.

గురువారం రాత్రి గెత్సేమనే తోటలో పట్టుకున్నారు. చూపించింది వెంట తిరిగిన శిష్యుడే, యూదా. కయప ముందు దైవదూషణ అన్నారు. తెల్లారి పిలాతు దగ్గరికి తీసుకెళ్లేసరికి నేరం "రాజునని చెప్పుకుంటున్నాడు" అని మారింది. దైవదూషణతో రోముకు పనిలేదు, రాజునంటే మాత్రం ఊరుకోదు. సిలువ పైన పెట్టిన పలక చూడండి: "నజరేయుడైన యేసు, యూదుల రాజు." హెబ్రీ, లాటిన్, గ్రీకు, మూడు భాషల్లో. ప్రభుత్వం ఏ నేరానికి చంపిందో ఆ పలకే చెబుతోంది.

ఎవరు చంపారంటే, తీర్పు రోమా గవర్నరుది, శిక్ష రోమా శిక్ష, మేకులు కొట్టినవాళ్లు రోమా సైనికులు. గుడి పెద్దలు పట్టించారు. "యూదులు చంపారు" అన్న మాట ఇంకా కొన్ని ప్రసంగాల్లో వింటుంటాను. నాకు అది చాలా బాధ. యేసు యూదుడు, ఆయన తల్లి యూదురాలు, సిలువ కింద ఏడ్చినవాళ్లంతా యూదులు. ఆ ఒక్క మాట పట్టుకుని యూరప్‌లో వందల ఏళ్లు యూదులను తరిమారు, కాల్చారు. ఆ మరణానికి అప్పటి యూదులందరినీ గానీ, ఇప్పటి యూదులను గానీ బాధ్యులను చేయకూడదని 1965లో వాటికన్ మహాసభ అధికారికంగా ప్రకటించింది. మా సండే స్కూల్లో ఆ మాట ఎవరినీ అననివ్వను.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. పోయిన గుడ్ ఫ్రైడేకు చర్చిలో కొరడా దెబ్బలు, మేకులు, రక్తం గురించి చాలాసేపు వర్ణించి చెప్పారు. ఆ తర్వాత చాలా రోజులు రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచాడు. ఈసారి తీసుకెళ్లాలా వద్దా? తీసుకెళ్లకపోతే తప్పా?
— ఒక తల్లి, శ్రీకాళహస్తి

ముందు బాబు సంగతి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనకు ఈసారి తీసుకెళ్లకండి. ఏ తప్పూ లేదు, ఎవరేమన్నా పట్టించుకోకండి. ఆదివారం తెల్లవారుజామున ఈస్టరు ఆరాధనకు తీసుకెళ్లండి, చేతికి కొవ్వొత్తి ఇవ్వండి.

ఇక ఆ వర్ణన గురించి. మార్కు సువార్త పదిహేనో అధ్యాయం తీసి మీరే చదవండి. కొరడాలతో కొట్టడానికి ఒక్క ముక్క. సిలువ వేయడానికి ఒక్క వాక్యం. రక్తం ఎంత కారింది, ఎలా అరిచాడు, ఏమీ లేదు. మేకులు అన్న మాట సిలువ వేసే ఘట్టంలో నాలుగు సువార్తల్లో ఎక్కడా రాదు. తర్వాత శిష్యుడు తోమా "ఆయన చేతుల్లో మేకుల గురుతు చూస్తేగానీ నమ్మను" అన్నప్పుడే యోహానులో వినబడుతుంది. రాసినవాళ్లకు వర్ణించాల్సిన పనిలేదు. ఆనాటి పాఠకులకు సిలువ అంటే ఏమిటో కళ్లతో చూసిన సంగతి. స్పార్టకస్ తిరుగుబాటును అణిచాక, క్రీ.పూ. 71లో, ఆరువేల మంది బానిసలను రోముకు వెళ్లే దారి పొడుగునా సిలువ వేశారు. బతికున్నవాళ్లు భయపడాలని అలా ఊరి బయట, దారి పక్కన నిలబెట్టేవారు. మన పిల్లల్ని అదే భయంతో కూర్చోబెడితే రోము చేసిన పనే మనమూ చేసినట్టు.

పెద్దవాళ్లకు తెలియాల్సింది కొంత ఉంది. 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో సిలువ వేయబడిన మనిషి మడమ ఎముక దొరికింది. అందులో పదకొండు సెంటీమీటర్ల పైన పొడుగున్న మేకు అలాగే ఉంది. కొన వంగిపోవడంతో బయటికి రాక, మేకుతోనే పూడ్చిపెట్టారు. మరణానికి కారణం ఊపిరి ఆడకపోవడమని కొందరు డాక్టర్లు, రక్తం పోయి షాక్‌లోకి వెళ్లడమని కొందరు రాశారు. యేసు విషయంలో రాత్రంతా నిద్ర లేదు, కొరడా దెబ్బలు తిన్నాడు, సిలువ మోయలేకపోయాడు. ఉదయం తొమ్మిదికి సిలువ వేశారు, మధ్యాహ్నం మూడుకు ప్రాణం పోయిందని మార్కు లెక్క. అప్పుడే చనిపోయాడా అని పిలాతు ఆశ్చర్యపోయాడు కూడా. సిలువ మీద రెండు మూడు రోజులు ప్రాణం నిలిచినవాళ్లు ఉండేవారు.

నన్ను ఎప్పుడూ ఆపేసే మాట మాత్రం ఒకటే: "దప్పిగొనుచున్నాను." రక్తం పోయిన మనిషికి నొప్పికంటే ముందు దాహం పుడుతుంది. వార్డులో ఎంతమందిని చూశానో. పెదవులు ఎండి బీటలు వారతాయి, నాలుక అంగిలికి అతుక్కుంటుంది, మాట బయటికి రాదు. నోట్లో నీళ్లు పోస్తే పొలమారుతుంది. అందుకని గాజుగుడ్డ తడిపి పెదవుల మీద అద్దేవాళ్లం. పల్లెల నుంచి వచ్చిన కోడళ్లు తులసి నీళ్లు చెంచాతో తెచ్చి, "సిస్టరమ్మా, ఒక్క చుక్క పోయనా?" అని అడిగేవారు. వేలి కొనతో తడపమనేదాన్ని. ఆ తడి తగలగానే కళ్లు తెరిచినవాళ్లు ఉన్నారు.

సువార్తల్లో యేసుకు రెండుసార్లు తాగడానికి ఇస్తారు. మొదటిది సిలువ వేయకముందు, బోళం అనే చేదు జిగురు కలిపిన ద్రాక్షారసం. నొప్పి తెలియకుండా మత్తు కోసం. మరణశిక్ష పడినవాళ్లకు అలాంటి పానీయం యెరూషలేములోని పెద్దింటి స్త్రీలు ఇచ్చేవారని యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తల్మూదులో ఉంది. ఆయన అది తీసుకోలేదు. రెండోది చివర్లో. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని ఆయన కేక వేసినప్పుడు ఒకడు పరుగెత్తుకెళ్లి స్పంజీని చిరకలో ముంచి, రెల్లుకు తగిలించి నోటికి అందించాడు. చిరక అంటే పుల్లబడిన చవక ద్రాక్షారసం, సైనికులు నీళ్లు కలుపుకుని తాగేది. లూకా సువార్తలో సైనికులు ఎగతాళిగా ఇచ్చినట్టుంది. మార్కులో ఆ పరుగెత్తినవాడి పేరు లేదు, ఉద్దేశం ఏమిటో చెప్పలేదు. నేను మాత్రం ఆ తడి పెదవులకు తగిలిందా లేదా అనే చూస్తాను.

సండే స్కూల్లో ఈ కథ చెబితే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "ఆయనకు ఎవరూ హెల్ప్ చేయలేదా?" అనే. కాబట్టి బాబుకు అక్కడి నుంచి చెప్పండి. పొలం నుంచి వస్తున్న కురేనీయుడైన, అంటే ఉత్తర ఆఫ్రికాలోని కురేనే ఊరివాడైన సీమోను సిలువ మోశాడు. అతనికి అలెక్సంద్రు, రూఫు అని ఇద్దరు కొడుకులు, మార్కు వాళ్ల పేర్లు కూడా రాశాడు. ఒకడు చిరక అందించాడు. అమ్మ అక్కడే నిలబడింది. పక్క సిలువ మీది దొంగ ఆయనతో మాట్లాడాడు. మా పిల్లలకు బొమ్మ వేయమంటే సీమోనునే వేస్తారు, భుజం మీద పెద్ద దుంగతో.

ప్రశ్న: మా నాన్న పోయినప్పుడు ఆడపిల్లనని వీధి మలుపు దగ్గరే ఆపేశారు. శ్మశానానికి రానివ్వలేదు. యేసు సమాధికి ముందు వెళ్లింది ఆడవాళ్లేనని నా స్నేహితురాలు అంది. నిజమేనా? అక్కడ మగవాళ్లు లేరా?
— ఒక కూతురు, పుత్తూరు

నిజమే తల్లీ. మగవాళ్లు పారిపోయారు. పట్టుకున్న రాత్రే శిష్యులందరూ ఆయనను విడిచి పారిపోయారని మార్కు దాచకుండా రాశాడు. పేతురు వెనకాలే వెళ్లి, మంట దగ్గర చలి కాచుకుంటూ, ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు అన్నాడు. యోహాను సువార్త ప్రకారం ఒక్క శిష్యుడు మాత్రం సిలువ దగ్గర ఉన్నాడు.

ఆడవాళ్ల పేర్లు ఉన్నాయి. మగ్దలేనే మరియ, యాకోబు యోసేల తల్లి మరియ, సలోమే. యోహానులో ఆయన తల్లి. వీళ్లు కొత్తగా వచ్చినవాళ్లు కాదు, గలిలయ నుంచి వెంట నడిచినవాళ్లు. తమకున్న దాంతో ఆయనకూ శిష్యులకూ ఖర్చులు చూసింది వీళ్లేనని లూకా ఎనిమిదో అధ్యాయంలో ఉంది. అందులో యోహన్న అనే ఆమె హేరోదు కార్యనిర్వాహకుడి భార్య. ఈ హేరోదు ముందు చెప్పిన హేరోదు రాజు కొడుకు.

సాయంత్రం అరిమతయియ యోసేపు అనే యూదుల మహాసభ సభ్యుడు ధైర్యం చేసి పిలాతు దగ్గరికి వెళ్లి శవం అడిగాడు. సూర్యుడు దిగితే విశ్రాంతి దినం మొదలవుతుంది, ఇక ఏ పనీ చేయకూడదు. నారబట్టలో చుట్టి, రాతిలో తొలిచిన సమాధిలో పెట్టి, రాయి దొర్లించారు. అంతా హడావుడి. ఆయనను ఎక్కడ పెట్టారో ఆ ఆడవాళ్లు కూర్చుని చూశారు. శనివారం ఆగారు. ఆదివారం తెల్లవారకముందే సుగంధ ద్రవ్యాలు పట్టుకుని బయల్దేరారు. దారిలో వాళ్ల బాధ ఒకటే, ఆ రాయి ఎవరు దొర్లిస్తారని. వెళ్లేసరికి రాయి దొర్లించి ఉంది, సమాధి ఖాళీ. ఆయన లేచాడన్న మాట మొదట విన్నది ఆ ఆడవాళ్లేనని సువార్తలు చెబుతాయి. మనిషి పోయాక కూడా ఒంటికి చేయాల్సింది చేయకపోతే మనసు నిలవదు. వార్డులో ప్రాణం పోయినవాళ్లను శుభ్రం చేసి, కళ్లు మూసి, దవడ కట్టి, గుడ్డ కప్పి పంపింది మేమే, నర్సులం. కాబట్టి ఆ ఆడవాళ్ల తొందర నాకు బాగా అర్థమవుతుంది.

ఆ కాలంలో ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ ఇచ్చేవారు కాదు. ఆడవాళ్ల సాక్ష్యం తీసుకోకూడదని జోసీఫస్ రాశాడు కూడా. కథ అల్లేవాళ్లయితే మొదటి సాక్షులుగా ఆడవాళ్లను పెట్టుకోరు. రెండో శతాబ్దంలో సెల్సస్ అనే విమర్శకుడు, పిచ్చెత్తిన ఒక ఆడది చెప్పిన మాట ఇది అని వెక్కిరించాడు. అయినా నాలుగు సువార్తలూ మగ్దలేనే మరియ పేరు తీసేయలేదు. ఆమెను వేశ్య అంటారు చూడండి, సువార్తల్లో ఎక్కడా ఆ మాట లేదు. ఆమెలో నుంచి ఏడు దయ్యాలు వెళ్లాయని మాత్రమే ఉంది. 591లో పోపు గ్రెగరీ చేసిన ప్రసంగంలో ఆమెనూ, లూకాలో పేరు లేని పాపాత్మురాలినీ ఒకరిగా కలిపేశారు. ఆ నింద ఇప్పటికీ మన క్రిస్మస్, ఈస్టరు నాటికల్లో తిరుగుతూనే ఉంది. వేషం వేసే పిల్లకు నేను ఎర్రచీర కట్టనివ్వను.

మీ ఇంటి ఆచారం మీద తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. మీ బాధ మాత్రం న్యాయమైనదే. సంవత్సరీకం వచ్చేలోపు మీ అన్నదమ్ములతోనో, చిన్నాయనతోనో నెమ్మదిగా మాట్లాడి, నాన్నను దహనం చేసిన చోటికి తీసుకెళ్లమని అడగండి. గొడవగా కాదు, కోరికగా అడగండి. ఇప్పుడు చాలా ఇళ్లలో సరేనంటున్నారు.

ప్రశ్న: యేసు సిలువ మీద చనిపోలేదని, బతికి కశ్మీర్ వచ్చాడని, సమాధి శ్రీనగర్‌లో ఉందని ఫోన్లో వీడియో వచ్చింది. చిన్నప్పుడు కూడా ఇండియాలో చదువుకున్నాడంట. నిజమా అమ్మా?
— ఒక ఆటో డ్రైవర్, రేణిగుంట

నాయనా, అవి రెండు వేర్వేరు కథలు, ఒకదానికొకటి అతికించి తిప్పుతున్నారు. చిన్నప్పుడు ఇండియా వచ్చాడన్నది నోటోవిచ్ అనే రష్యన్ 1894లో అచ్చువేసింది. లడఖ్‌లోని హెమిస్ మఠంలో పాత గ్రంథం చూశానన్నాడు. మరుసటి ఏడాదే ఆగ్రా నుంచి డగ్లస్ అనే ప్రొఫెసర్ అక్కడికి వెళ్లి అడిగితే, అలాంటి గ్రంథమే లేదని మఠం పెద్ద చెప్పాడు. శ్రీనగర్‌లోని రోజాబల్ సమాధి యేసుదేనని 1899లో చెప్పింది అహ్మదీయ శాఖను స్థాపించిన మిర్జా గులాం అహ్మద్. అంతకు ముందు దాన్ని యూజ్ అసఫ్ అనే సాధువు సమాధి అనేవారు. యేసు కాలానికీ ఈ రెండు మాటలకూ మధ్య పద్దెనిమిది వందల ఏళ్లున్నాయి.

సిలువ నుంచి దించితే బతికే అవకాశం అసలే లేదా అంటే, ఒక్క ఉదాహరణ ఉంది. తనకు తెలిసిన ముగ్గురు సిలువ మీద ఉండగా చూసి జోసీఫస్ ఏడ్చి రోమా సేనాధిపతి తీతును బతిమాలాడు. వెంటనే దించి, వైద్యం చేయించారు. ఇద్దరు చనిపోయారు, ఒకడు బతికాడు. యేసును బతికుండగా దించలేదు. శతాధిపతిని, అంటే వందమంది సైనికుల అధికారిని పిలిపించి, చనిపోయాడని రూఢి చేసుకున్నాకే పిలాతు శవం ఇచ్చాడు. ఈటెతో పక్కలో పొడిచారని యోహాను రాశాడు. చంపడమే వృత్తిగా ఉన్న సైనికులకు చావు గుర్తుపట్టడం తెలియదంటే నేను నమ్మను. మన ముస్లిం సోదరుల నమ్మకం వేరు. ఈసా ప్రవక్తను సిలువ వేయలేదని, దేవుడే పైకి తీసుకున్నాడని వాళ్లు విశ్వసిస్తారు. అది వాళ్ల గ్రంథం మాట, దాన్ని ఈ వీడియోలతో కలపకండి.

ఆయన మూడో రోజున లేచాడని నేను నమ్ముతాను. లేచాడా లేదా అన్నది చరిత్ర పుస్తకం తేల్చగలిగేది కాదు. భయపడి పారిపోయినవాళ్లే కొన్ని వారాల్లో అదే యెరూషలేములో నిలబడి, ఆయన లేచాడని బహిరంగంగా చెప్పారు. జైలుకు పోయారు, దెబ్బలు తిన్నారు. వాళ్లను మార్చింది ఏమిటన్న ప్రశ్నకు నా జవాబు నాకు ఉంది. మీ జవాబు మీరు వెతుక్కోండి, తొందరేం లేదు.

ప్రశ్న: శుక్రవారం చనిపోయి ఆదివారం లేస్తే రెండు రోజులే కదా, మూడో రోజు ఎలా? ఇంకొకటి, గుడ్ ఫ్రైడే తేదీ ఏటా ఎందుకు మారుతుంది? సెలవు ప్లాన్ చేసుకోవడం కష్టంగా ఉంది.
— శ్రీసిటీలో ఉద్యోగి

యూదుల లెక్కలో రోజులో కొంచెం భాగమున్నా ఒక రోజే. శుక్రవారం సాయంత్రం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు. పోయిన రోజును కూడా కలుపుకుని మూడో రోజు కర్మ లెక్కపెట్టే మన ఇళ్లలో ఇది కొత్తేం కాదు.

తేదీ మారడానికి కారణం చంద్రుడు. పస్కా పౌర్ణమి నాటి పండుగ. 325లో నికయలో జరిగిన క్రైస్తవ పెద్దల మహాసభ అన్ని సంఘాలూ ఒకే ఆదివారం ఈస్టరు చేసుకోవాలని తీర్మానించింది. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టరు అని ఆచారం స్థిరపడింది. అందుకే అది మార్చి 22 కంటే ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. గుడ్ ఫ్రైడే దానికి రెండు రోజుల ముందు. సెలవు అప్లికేషన్ ఇప్పుడే పెట్టేయండి.